ముట్లుడిగే వయసులో ఏం గమనించాలి, డాక్టరును ఏం అడగాలి

నలభై దాటాక నెలసరి తేదీలు అటూ ఇటూ కావడం మొదలైన స్త్రీకి సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. ఇంట్లో పెద్దవాళ్లు "ఈ వయసులో అందరికీ ఉండేదే, ఓర్చుకోవాలి" అంటారు. నర్సింగ్ హోమ్‌కు వెళితే "పిల్లలు పుట్టేశారు కదమ్మా, ఇక గర్భసంచితో పనేముంది, తీయించేసుకోండి" అనే సలహా ఎదురవుతుంది. మొదటి మాట విన్నవారు చికిత్స ఉన్న బాధను కూడా ఏళ్ల తరబడి మోస్తారు, రెండో మాట విన్నవారు అవసరం లేని ఆపరేషన్‌కు ఒప్పుకుంటారు. శరీరంలో ఏం జరుగుతోందో, అందులో ఏది సహజమో, ఏది వెంటనే చూపించుకోవలసిందో తెలిసి ఉంటే ఈ రెండింటి నుంచీ తప్పించుకోవచ్చు. ఆ వివరాలనే ఇక్కడ చెబుతున్నాను.

మొదలు ఎక్కడ, ముగింపు ఎక్కడ

చివరి నెలసరి తర్వాత వరసగా పన్నెండు నెలలు గడిచి, మధ్యలో ఒక్కసారి కూడా రక్తస్రావం కనిపించకపోతే, దానికి గర్భం, పాలివ్వడం, మందులు వంటి వేరే కారణం ఏదీ లేకపోతే, మెనోపాజ్, అంటే ముట్లుడగడం, వచ్చినట్టు లెక్క. అంటే ఫలానా నెలసరే ఆఖరిదని ఆ రోజున ఎవరూ చెప్పలేరు, ఏడాది తర్వాత వెనక్కి లెక్కపెట్టుకుంటేనే తెలుస్తుంది. అంతకుముందు నెలసరి గతి తప్పుతూ సాగే కాలాన్ని పెరిమెనోపాజ్ అంటారు. అది సగటున నాలుగేళ్లు ఉంటుంది. కొందరికి కొన్ని నెలల్లోనే ముగుస్తుంది, కొందరికి ఎనిమిదేళ్ల దాకా సాగుతుంది. పాశ్చాత్య దేశాల స్త్రీలకు మెనోపాజ్ సగటున 51 ఏళ్లకు వస్తే భారతీయ స్త్రీలకు 46, 47 ఏళ్లకే వస్తుంది కాబట్టి, 42 ఏళ్లకు తేదీలు తప్పడం మొదలైతే "నాకు అప్పుడేనా" అని కంగారుపడనక్కరలేదు. అయితే 45 ఏళ్లలోపే పూర్తిగా ఆగిపోవడాన్ని త్వరగా వచ్చిన మెనోపాజ్‌గా చూస్తారు. 40 ఏళ్లలోపే ఆగిపోతే మాత్రం వయసు ప్రభావమని వదిలేయకుండా కారణం వెతికించుకోవాలి. పొగాకు అలవాటు ఉన్నవారికి ఇది ఒకటి రెండేళ్లు ముందుగా వస్తుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలకు నోటి క్యాన్సర్ గురించి చెప్పేవారు ఈ సంగతి కూడా కలిపి చెబితే బాగుంటుంది.

ఈ వయసులో అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ నెమ్మదిగా, ఒకే తీరున తగ్గుతూ పోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి తొలి దశలో అది ఎండాకాలపు కరెంటు వోల్టేజీలా ఒక నెల బాగా పెరిగి, మరో నెల పడిపోతూ ఉంటుంది. కొన్ని నెలల్లో అండం విడుదల కాదు. అండం విడుదల కాని నెలలో ప్రొజెస్టరాన్ అనే రెండో హార్మోన్ తగినంత తయారుకాదు. ప్రొజెస్టరాన్ అదుపు లేక గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగి, ఆలస్యంగా, ఎక్కువగా, గడ్డలతో రాలుతుంది. రెండు నెలలు రాకుండా ఉండి మూడో నెల పది రోజులు పోవడానికి చాలాసార్లు వెనకున్న కారణం ఇదే. ఒకే స్త్రీకి ఒక నెల రొమ్ములు బరువెక్కి నొప్పి పుట్టడం, మరో నెల ఒళ్లంతా ఆవిర్లు రావడం కూడా ఈ హెచ్చుతగ్గుల వల్లే.

45 ఏళ్లు దాటి, లక్షణాలు స్పష్టంగా ఉన్నవారికి ఈ దశను నిర్ధారించడానికి హార్మోన్ పరీక్ష అవసరం లేదు. ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ పరీక్ష ఈ వారం ఒక అంకె, వచ్చే నెల మరో అంకె చూపిస్తుంది, దాన్ని పట్టుకుని తేల్చేది ఏమీ ఉండదు. వేల రూపాయల హార్మోన్ ప్యాకేజీ రాసిస్తే, దాని ఫలితాన్ని బట్టి చికిత్స ఏమైనా మారుతుందా అని అడగండి. దానికన్నా ముందు చేయించుకోవలసినవి హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు. థైరాయిడ్ తేడా వల్ల కూడా నెలసరి తప్పుతుంది, గుండెదడ వస్తుంది, చెమటలు పడతాయి, బరువు మారుతుంది. రక్తహీనత వల్ల వచ్చే ఆయాసం, నీరసం, మతిమరుపు కూడా మెనోపాజ్ ఖాతాలో పడిపోతూ ఉంటాయి.

గోడ క్యాలెండర్ మీద రాయండి

డాక్టరు గదిలో "చివరిసారి ఎప్పుడు వచ్చింది?" అన్న ప్రశ్నకు "పోయిన పండక్కి ముందు అనుకుంటాను" అనే జవాబు చాలదు. పాల లెక్క, గ్యాస్ బండ తేదీ రాసుకునే క్యాలెండర్‌లోనే ఇది కూడా రాసుకోవచ్చు. నెలసరి మొదలైన రోజు తేదీ చుట్టూ సున్నా చుట్టండి. రక్తం కనిపించిన ప్రతి రోజూ ఒక గీత పెట్టండి, ఆ రోజు ఎన్ని ప్యాడ్లు మార్చారో పక్కన అంకె వేయండి. గడ్డలు పడితే 'గ' అని, రాత్రి చెమటలకు నిద్ర లేస్తే 'చె' అని రాసుకుంటే చాలు. నలుగురూ తిరిగే హాల్లో రాయడం ఇష్టం లేకపోతే చిన్న డైరీలోనో ఫోన్‌లోనో రాసుకోండి. మూడు నెలలు ఇలా రాస్తే, అస్తవ్యస్తంగా అనిపించిన దానిలో కూడా ఒక తీరు కనిపించడం మొదలవుతుంది.

ఆ లెక్కలో చూడవలసినవి రెండు. ఒక నెలసరికీ మరో నెలసరికీ మధ్య ఉండే రోజుల సంఖ్యలో ఏడు రోజులు, అంతకు మించి తేడా పదేపదే వస్తుంటే పెరిమెనోపాజ్ తొలి దశ మొదలైందని అర్థం. 60 రోజులు, అంతకు మించి రాకుండా ఉండే విరామాలు కనిపిస్తే మలి దశకు చేరినట్టు, సాధారణంగా మరో ఒకటి నుంచి మూడేళ్లలో పూర్తిగా ఆగిపోతుంది. నెలసరి తప్పినంత మాత్రాన గర్భం రాదని అనుకోకూడదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినవారికి ఈ బెంగ ఉండదు కానీ, మిగిలినవారు 50 ఏళ్లలోపు అయితే చివరి నెలసరి తర్వాత రెండేళ్లు, 50 దాటితే ఏడాది పాటు జాగ్రత్త కొనసాగించాలి. ఎప్పుడో ట్యూబెక్టమీ చేయించుకోవడం వల్లే ఇప్పుడు ఈ బాధలన్నీ వచ్చాయని కొందరు నమ్ముతారు. ఆ ఆపరేషన్‌లో అండాశయాలను ముట్టుకోరు, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఆవిర్లు, నిద్ర, మనసు

ఒంట్లోంచి ఆవిర్లు రావడం నూటికి డెబ్బై ఐదు మందికి పైగా ఏదో ఒక స్థాయిలో అనుభవంలోకి వస్తుంది. ఛాతీ దగ్గర మొదలైన సెగ మెడకూ ముఖానికీ పాకి, చెమట పట్టి, కొన్ని నిమిషాల్లో చల్లబడి, ఒక్కోసారి వెంటనే వణుకు పుడుతుంది. మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే భాగం ఈస్ట్రోజన్ తగ్గినప్పుడు మరీ సున్నితంగా తయారై, కొద్దిపాటి వేడికే ఒంటిని చల్లబరచే పని మొదలుపెడుతుంది. అమెరికాలో మధ్యవయసు స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన స్వాన్ అధ్యయనంలో, తరచుగా ఆవిర్లు వచ్చేవారికి అవి సగటున ఏడేళ్లకు పైగా కొనసాగినట్టు తేలింది. కాబట్టి "ఇంకో ఆరు నెలలు ఓర్చుకో, అదే పోతుంది" అనే ఓదార్పు చాలామంది విషయంలో నిజం కాదు. ఏప్రిల్, మే నెలల ఉక్కలో, వంటగదిలో పొయ్యి ముందు నిలబడిన స్త్రీకి ఇది ఎంత నరకమో ఇంట్లో మిగిలినవారు గుర్తించాలి. ఆ రెండు నెలలైనా మధ్యాహ్నం వంట పని మరొకరు అందుకోవడం పెద్ద సాయం.

నూలు బట్టలు, మంచం పక్కన చల్లటి నీళ్లు, సాయంత్రం తర్వాత కాఫీ టీలు మానడం, రాత్రి భోజనంలో కారం మసాలా తగ్గించడం కొంత ఉపశమనం ఇస్తాయి. ఏది తిన్నాక, ఏది తాగాక ఎక్కువవుతోందో క్యాలెండరే చెబుతుంది. షుగర్ మందులు వాడేవారికి చెమటలు, దడ పుడితే ముందు షుగర్ పడిపోయిందేమో చూసుకోవాలి. రాత్రి చెమటలతో పాటు సాయంత్రం జ్వరం, విడవని దగ్గు, బరువు తగ్గడం ఉంటే మెనోపాజ్ అనుకుని కూర్చోకుండా టీబీ పరీక్ష చేయించుకోవాలి.

నిద్ర చెడితే మిగతావన్నీ చెడతాయి. తెల్లవారుజామున మూడింటికి లేచి మళ్లీ నిద్రపట్టని స్త్రీ పగలు పిల్లల మీద కసురుకుంటే దాన్ని స్వభావం మారిందని లెక్కగట్టడం అన్యాయం. ఇదివరకు డిప్రెషన్ వచ్చినవారికీ, కాన్పు తర్వాత కుంగుబాటుకు లోనైనవారికీ ఈ దశలో అది తిరగబెట్టే అవకాశం ఎక్కువ. రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, బతకాలనిపించకపోవడం ఉంటే సాయం తీసుకోవాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఎవరితోనూ చెప్పుకోని బాధ మరొకటి ఉంది. యోని పొడిబారడం, కలయికలో మంట, మాటిమాటికీ మూత్రంలో ఇన్‌ఫెక్షన్, దగ్గినా తుమ్మినా మూత్రం చుక్కలుగా పడటం. ఆవిర్లు కాలం గడిచేకొద్దీ తగ్గుతాయి కానీ ఈ పొడిబారడం చికిత్స లేకపోతే ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది. ఆ చోట మాత్రమే రాసుకునే ఈస్ట్రోజన్ క్రీమ్ తక్కువ మోతాదులో చక్కగా పనిచేస్తుంది, రక్తంలోకి చాలా స్వల్పంగానే చేరుతుంది. "డాక్టరుతో ఇదెలా చెప్పను" అని సిగ్గుపడి భర్తకు దూరంగా పడుకుంటూ, ఆయన కోపాన్ని మౌనంగా భరిస్తున్న స్త్రీలు మన ఇళ్లలో తక్కువేమీ కాదు. నోటితో చెప్పలేకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి.

రక్తస్రావం ఎక్కువైనప్పుడు

ఈ భాగం జాగ్రత్తగా చదవమని కోరుతున్నాను. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ నష్టం జరుగుతున్నది ఇక్కడే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 8 శాతానికి పైగా ఉన్నారు. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అయినా చివరికి ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేది ఆ స్త్రీ, లేదా ఆమె భర్త. అడగవలసిన ప్రశ్నలు వాళ్ల దగ్గర ఉండాలి.

గంటకో ప్యాడ్ తడిసిపోయి మార్చుకోవలసి రావడం, పది రూపాయల బిళ్లంత గడ్డలు పడటం, ఏడు రోజులకు మించి కొనసాగడం, రెండు నెలసరుల మధ్యలో గానీ కలయిక తర్వాత గానీ రక్తం కనిపించడం సహజం కాదు. కళ్లు తిరిగి పడిపోయేంత స్రావం అవుతుంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మిగిలిన సందర్భాల్లో హిమోగ్లోబిన్ పరీక్ష, స్కానింగ్, గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేయించుకోవాలి. 45 ఏళ్లు దాటాక ఇలాంటి రక్తస్రావం ఉంటే గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం (బయాప్సీ) కూడా అవసరం. ఆ ఫలితం రాకముందే ఆపరేషన్ తేదీ ఇస్తే ఆగి, మరో గైనకాలజిస్టును సంప్రదించండి.

స్కానింగ్ రిపోర్టులో "ఫైబ్రాయిడ్" అని కనబడగానే గుండె జారిపోతుంది. గర్భసంచిలో గడ్డలు ఈ వయసులో చాలామందికి ఉంటాయి, వాటిలో క్యాన్సర్ ఉండటం అత్యంత అరుదు, మెనోపాజ్ తర్వాత అవి సాధారణంగా కుంచించుకుపోతాయి. బాధ పెట్టని గడ్డను తీయవలసిన పని లేదు. "గర్భసంచికి పూత వచ్చింది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది" అనే మాట కూడా పల్లెల్లో బాగా వినిపిస్తుంది. పూతగా కనిపించినది నిజంగా ప్రమాదకరమో కాదో ముఖద్వారం పరీక్షే తేలుస్తుంది. తెల్లబట్టకు మందులున్నాయి, గర్భసంచి తీయడం దానికి చికిత్స కాదు.

అధిక రక్తస్రావానికి ముందు ప్రయత్నించవలసినవి చాలా ఉన్నాయి. రక్తం ఎక్కువగా పోయే రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు ఉన్నాయి. లోపలి పొరను అదుపులో ఉంచే ప్రొజెస్టరాన్ మాత్రలు ఉన్నాయి. నాకు అన్నిటికన్నా ఎక్కువగా చెప్పాలనిపించేది మిరెనా వంటి హార్మోన్ లూప్ గురించి. దాన్ని కత్తిగాటు లేకుండా గర్భసంచిలో అమరుస్తారు, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనిపించి విసిగించినా, ఆ తర్వాత స్రావం చాలావరకు తగ్గిపోతుంది, కొందరికి పూర్తిగా ఆగుతుంది. మెనోపాజ్‌కు రెండు మూడేళ్ల దూరంలో ఉన్న స్త్రీని ఈ లూప్ చాలాసార్లు ఆపరేషన్ లేకుండానే ఒడ్డుకు చేరుస్తుంది. ఇవేవీ పనిచేయనప్పుడు, లేదా పరీక్షలో క్యాన్సర్ గానీ దానికి ముందరి మార్పులు గానీ తేలినప్పుడు ఆపరేషన్ సరైన నిర్ణయమే, దానికి భయపడి వాయిదా వేయకూడదు. ఆపరేషన్ తప్పనిసరి అన్నప్పుడు అడగవలసినవి ఇవి. నా జబ్బు పేరేమిటి? బయాప్సీలో ఏమొచ్చింది? మందులు, లూప్ ఎందుకు సరిపోవు? గర్భసంచి ఒక్కటే తీస్తారా, అండాశయాలు కూడా తీస్తారా, తీస్తే ఎందుకు?

ఏడాది పాటు నెలసరి ఆగిపోయిన తర్వాత ఒక్క చుక్క రక్తం కనిపించినా ఆ వారంలోనే చూపించుకోవాలి. "మళ్లీ వయసు వచ్చింది" అని నవ్వుకుని వదిలేసే విషయం కాదు. ఎక్కువమందిలో కారణం చిన్నదే అవుతుంది కానీ, గర్భసంచి లోపలి పొరలో వచ్చే క్యాన్సర్ తొలి దశలో బయటపడేది ఈ లక్షణంతోనే, అప్పుడు పట్టుకుంటే నయమవుతుంది.

హార్మోన్ చికిత్స మాట

ఆవిర్లు, రాత్రి చెమటలు బతుకును అతలాకుతలం చేస్తుంటే అన్నిటికన్నా బాగా పనిచేసేది హార్మోన్ చికిత్సే. దాని మీద భయం 2002 నాటిది. ఆ ఏడాది అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరిశోధనలో ఒక భాగాన్ని మధ్యలో ఆపేశారు. రెండు హార్మోన్లు కలిపి వాడినవారిలో రొమ్ము క్యాన్సర్ ఏడాదికి పదివేల మందికి ఎనిమిది చొప్పున ఎక్కువగా కనిపించింది. పత్రికల్లో ఈ వార్త వచ్చింది కానీ, ఆ పరిశోధనలో చేరిన స్త్రీల సగటు వయసు 63 అన్న సంగతి అంతగా ప్రచారం కాలేదు. ఆ తర్వాత జరిగిన విశ్లేషణల మీదట, 60 ఏళ్లలోపు, లేదా నెలసరి ఆగి పదేళ్లలోపు మొదలుపెట్టే ఆరోగ్యవంతులైన స్త్రీలలో చాలామందికి లాభమే ఎక్కువని నిపుణుల సంఘాలు చెబుతున్నాయి.

గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇవ్వకూడదు, లోపలి పొరకు రక్షణగా ప్రొజెస్టరాన్ తప్పక కలపాలి. మాత్రల కన్నా చర్మం మీద రాసుకునే జెల్, అంటించుకునే ప్యాచ్‌లలో రక్తం గడ్డకట్టే ముప్పు తక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టినవారు, గుండెపోటో పక్షవాతమో వచ్చినవారు, కాలేయ జబ్బు ఉన్నవారు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవారు వాడకూడదు. వారికి వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ వంటి హార్మోన్ లేని మందులు ఆవిర్లను కొంతవరకు తగ్గిస్తాయి. ఏం కలిపారో సీసా మీద రాయని పొడులు, లేహ్యాలు "సహజమైనవి" అన్న ఒక్క మాట మీద కొనకండి.

ఎముకలు, గిన్నెలో కాల్షియం

చివరి నెలసరికి ఏడాది ముందు మొదలై, ఆగిన తర్వాత కొన్నేళ్ల దాకా ఎముకల బలం వేగంగా తగ్గుతుంది. నొప్పి ఉండదు కాబట్టి తెలియదు, బాత్రూమ్‌లో జారి మణికట్టు విరిగినప్పుడు తెలుస్తుంది. ఈ వయసులో రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. కానీ గ్లాసుడు జావలో వేసేది రెండు చెంచాల పిండి, అంటే వంద మిల్లీగ్రాముల లోపే. రోజూ జావ తాగుతున్నాం కదా అని నిశ్చింతగా ఉండటం అందుకే పొరపాటు. ఉదయం జావ, మధ్యాహ్నం పెద్ద కప్పు పెరుగు, కూరలో ఒక చెంచా నువ్వుల పొడి, రాత్రి గ్లాసు పాలు, వారంలో రెండు మూడుసార్లు మునగాకు, తినేవారైతే ముళ్లతో సహా నమిలే నెత్తళ్లు, ఇలా కలిపితే లెక్క కుదురుతుంది. కుదరనప్పుడు మాత్ర వేసుకోవాలి. విటమిన్ డి తక్కువగా ఉంటే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు కాబట్టి దాన్నీ పరీక్షించుకోవాలి.

నడక మంచిదే, వారానికి నూట యాభై నిమిషాలు నడవాలి. కానీ నడక ఒక్కటే కండరాన్ని నిలబెట్టదు. వారంలో రెండు రోజులు చేతులు వాడకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం, నీళ్ల సీసాలు పట్టుకుని ఎత్తి దించడం చేయాలి. మెనోపాజ్ తర్వాత బీపీ, కొలెస్ట్రాల్ పెరిగి గుండెజబ్బు ముప్పు ఎక్కువవుతుంది. అందుచేత బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ ఏడాదికొకసారి చూపించుకోండి. 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్‌తో పాటు నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ల పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల కార్యక్రమంలోనే ఉన్నాయి, ఏఎన్‌ఎంను గానీ ఆశ కార్యకర్తను గానీ అడిగితే ఏ రోజు రావాలో చెబుతారు.

ముప్పైల్లోనో నలభైల తొలినాళ్లలోనో గర్భసంచి తీయించుకున్నవారికి లెక్కపెట్టడానికి నెలసరి ఉండదు. వారు ఇంట్లో ఉన్న పాత డిశ్చార్జ్ కాగితం బయటికి తీసి చూసుకోవాలి. అందులో బీఎస్‌ఓ అనే మూడు ఇంగ్లిషు అక్షరాలు ఉంటే రెండు అండాశయాలూ తీసేశారని అర్థం, అంటే ఆపరేషన్ అయిన రోజే మెనోపాజ్ వచ్చేసింది. ఆవిర్లు, నిద్రలేమి వారికి హఠాత్తుగా, తీవ్రంగా వస్తాయి. ఎముకలకూ గుండెకూ ముప్పు కూడా అంత ముందుగా మొదలవుతుంది. వద్దనడానికి కారణం లేకపోతే, సహజంగా నెలసరి ఆగే వయసు వరకైనా వారికి హార్మోన్ చికిత్స ఇవ్వాలన్నది వైద్యుల్లో అంగీకారం ఉన్న మాట. అండాశయాలు ఉంచినా మెనోపాజ్ కొంత ముందుగా రావచ్చు. కాగితం పోయి ఉంటే ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో నకలు అడగండి, అక్కడా దొరకకపోతే ఒక స్కానింగ్ చేయించుకుని అండాశయాలు ఉన్నాయో లేవో తెలుసుకుని, ఆ రిపోర్టుతో గైనకాలజిస్టు దగ్గరకు వెళ్లి ఎముకల సాంద్రత తెలిపే డెక్సా పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలో అడగండి.